మారని పేజీ

ఇప్పుడు సూపర్ హీరో సినిమా, చూసేవాళ్లు నోటితో చెబితే చాలు, ఎవరింట్లో వాళ్లకు నచ్చినట్టు మారిపోతుంది. ఏ ఇద్దరూ ఒకే కథ చూడరు. అందుకే దాని గురించి వాదించుకునేవాళ్లే లేరు. గుంటూరులో రజియా మాత్రం కాగితం మీద కామిక్స్ గీసి అమ్ముతుంది.

ఆ ఉదయం చక్రధర్ ఆమె దగ్గర కొన్న కామిక్ పట్టుకుని కొట్టుకు వచ్చాడు.

"ఇదేం కామిక్ అక్కా, హీరో చచ్చిపోయాడు. బతికించమని ఎంత చెప్పినా పేజీ మారట్లేదు."

"మారదు తమ్ముడూ. చచ్చిపోయాడంతే."

"కూలిపోయే వంతెనను మోస్తూ చావడమెందుకు? వదిలేసి ఎగిరిపోవచ్చుగా?"

"వంతెన మీద బస్సుందిగా. వదిలేస్తే వాడు హీరో ఎలా అవుతాడు?" అంది పుస్తకాలు చూస్తున్న ఒకావిడ.

చక్రధర్ ఆశ్చర్యంగా తిరిగాడు. "మీరూ ఇదే కథ చదివారా?"

"ఊరంతా ఇదే చదివింది," అంది రజియా.

అతను స్టూలు లాక్కున్నాడు.

"అయితే కూర్చోండి మేడం, మీదే తప్పని చూపిస్తాను."