బొటనవేలు

...అయినా తప్పు తాళంలో ఉండదు, దాన్ని తయారుచేసే కంపెనీలో ఉంటుంది, అనుకున్నాడు ప్రోగ్రామరు. బొటనవేలిని ప్యాంటుకి తుడిచి, తన ఇంటి తలుపు తాళం మీద మళ్లీ ఆనించాడు.

ఎర్ర లైటు వెలిగింది.

నాసిరకం సెన్సరు. ఎక్కడో చవగ్గా దొరికిందని కొనుగోలు విభాగం వాళ్లు బస్తాలకెత్తుకుని తెచ్చుంటారు. లోపల నడిచే ప్రోగ్రాం మాత్రం అతడు రాసింది. దానికి వంక పెట్టగల మొనగాడు ఆ ఆఫీసులో ఇంకా పుట్టలేదు.

‘మీ ఇంటికి మీరు తెలుసు’ అని ప్రకటన ఒకటి. రాసినవాడికి తాళం ఎటు తిప్పుతారో కూడా తెలియదు. ఈమధ్య పెట్టె మీద ‘కృత్రిమ మేధ’ అని అంటించకపోతే చెంబు కూడా అమ్ముడుపోవడం లేదు. ఇంజనీర్లు అనే జాతి అంతరించింది. మిగిలింది స్లైడ్లు తిప్పేవాళ్లు, వాటికి తలలూపేవాళ్లు.

మళ్లీ ఆనించాడు. ఎరుపు.

టెస్టింగ్ చూసే ఆవిడ అప్పట్లో ఈ ఎరుపు గురించే మీటింగులో ప్రాణం తీసింది.

“వేలు సరిగా ఆనకపోతే ఒక రంగు, వేరే కారణమైతే ఇంకో రంగు పెడదాం సార్. ఎందుకు తెరుచుకోలేదో బయట నిలబడ్డ మనిషికి తెలియాలి కదా.”

“తెలిసి ఏం చేస్తాడమ్మా? వాళ్లకి అంత తెలిస్తే మనకి జీతాలెందుకు?”

అందరూ నవ్వారు. ఒకే ఎరుపు ఖాయమైంది.

ఒక్క విషయంలోనే అతడు వారంపాటు పోట్లాడాల్సి వచ్చింది. నలుగురు కుర్రాళ్లు ఒక గదిలో ఉంటారు. పొద్దున సబ్బు దగ్గర గొడవొస్తే, సాయంత్రానికి ఒకడు ఇంకొకడి వేలిని తాళంలోంచి తీసేస్తాడు. అలా కుదరదన్నాడు. ఒకరిని తీసేయాలంటే మిగిలినవాళ్లంతా తమ వేళ్లు ఆనించాలి. ఏ ఒక్కరి కోపానికీ తాళం లొంగకూడదు. రెండేళ్ల పనిలో తెలివైన ముక్క అదొక్కటే. దాన్ని మెచ్చుకునే బుర్ర మాత్రం ఎవరికీ లేదు.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. పెద్దావిడ చెత్తబుట్టతో బయటికొచ్చింది.

“ఏం బాబూ, ఇవాళ పెందలాడే వచ్చేశారు?”

“పాపకి పాఠం చెప్పాలి పిన్నిగారూ. ఈ దరిద్రం తెరుచుకుంటేగా.”

“మీరు చేసిందే అన్నారుగా అది?”

“లోపలి బుర్ర నాది. వేలు పట్టే ముక్క ఎవడో దద్దమ్మ చేశాడు.”

“నా తాళంకప్ప మా అత్తగారి నాటిది,” అందావిడ కొంగుకున్న తాళంచెవి చూపించి. “దానికి బుర్రా లేదు, బాధా లేదు.”

“ఏ దొంగైనా హెయిర్‌పిన్నుతో తీస్తాడు దాన్ని.”

“తీస్తే తీశాడు. నేనైతే బయట నిలబడలేదుగా.” బుట్ట కింద పెట్టింది. “లోపల అలికిడి వినిపిస్తోంది. బెల్లు కొట్టకూడదూ?”

“నా ఇంటికి నేను బెల్లు కొట్టడమేమిటి పిన్నిగారూ?”

ఆవిడ అతణ్ణి ఒక్క క్షణం చూసింది. బుట్ట తీసుకుని మెట్లు దిగిపోయింది.

వీళ్లకి చెప్పి లాభం లేదు. భార్యకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఫోను ఏ మూలో పడేసి ఉంటుంది. కొన్నప్పటి నుంచీ దాన్ని ఎలా వాడాలో చెబుతూనే ఉన్నాడు, స్నేహితుల ముందు కూడా. పొద్దున కూడా ఇదే గోల.

“మీరు మాట్లాడుతున్నంతసేపూ మేమిద్దరం తెలివితక్కువవాళ్లం అనిపిస్తుంది,” అంది.

“అనిపించడమెందుకు?” అన్నాడు. తనకే నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. హాస్యం పట్టుకోవడానికీ కొంచెం బుర్ర కావాలి.

పాప పరవాలేదు. వయసు చిన్నది, దిద్దుకోవచ్చు. నిన్న స్కూలు కోసం కంప్యూటర్లో ఒక ఆట చేసి, పక్కింటి నేస్తాన్ని కూర్చోబెట్టుకుని మరీ చూపించింది. పిల్లి పరిగెత్తి చేపని పట్టుకోవాలి. ఆ పిల్లి గోడల్లోంచి దూరిపోతోంది. ఎక్కడెక్కడ తప్పో ఒక్కొక్కటే చూపించాడు. తర్వాత మొత్తం చెరిపేశాడు. పునాది సరిగా లేనిదాన్ని అతుకులేసి నిలబెట్టడం అతడికి అసహ్యం. పాప ఏడవలేదు కూడా. గట్టిపిండం, తన పోలికే. ఇవాళ మొదటి నుంచి తనే నేర్పుతాడు. చిన్నప్పుడు తన తండ్రి ఇంత శ్రద్ధ పెట్టి ఉంటే తను ఈపాటికి ఎక్కడుండేవాడో. అందుకే, ఎన్నడూ లేనిది, ఆఫీసులో మీటింగు ఎగ్గొట్టి వచ్చాడు.

వేలిని నోటి దగ్గర పెట్టుకుని వేడి గాలి ఊదాడు. మెల్లగా, సమంగా ఆనించాడు.

ఎరుపు.

ఈ తాళం బిగించిన రోజు ముగ్గురి వేళ్లూ తనే ఎక్కించాడు. పాప వేలు మరీ చిన్నది. సెన్సరు పట్టుకోక చాలాసేపు విసిగించింది. స్టూలెక్కి, నాలుక పళ్ల మధ్య బిగించి, చివరికి ఆకుపచ్చ వెలగ్గానే చప్పట్లు కొట్టింది. తను ఏమన్నాడో గుర్తు చేసుకోబోయాడు. ‘ఇంత చిన్న పనికి ఇంతసేపా’ అన్నట్టు లీలగా గుర్తు.

లోపల నిజంగానే ఎవరో నడుస్తున్నారు. టీవీ గొంతు తగ్గింది.

తలుపు పక్కన కాలింగ్ బెల్ ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ దాన్ని తాకలేదు. మీట మీద దుమ్ము కూడా లేదు. వచ్చేపోయేవాళ్లు తుడిచినట్టుగా మెరుస్తోంది. అటూ ఇటూ చూసి, ఆ బొటనవేలితోనే నొక్కాడు.

చిన్న అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది.

“చిట్టీ, తలుపు తియ్యి. తాళం పాడైంది.”



“పాడవలేదు నాన్నా,” అంది పాప తలుపు అవతల నుంచి. “అమ్మ వేలొక్కటే చాలదంటే, నేనూ ఆనించాను.”