మూడు రేవుల సంచి

పడవ కదలడం లేదు.

కారణం, ఒక పెద్దాయన కాలు. ఒక కాలు పడవలో, ఇంకో కాలు రేవు మెట్టు మీద పెట్టి, మధ్యలో తాను వంతెనలా నిలబడి వాదిస్తున్నాడు.

"ఈ పలక ఊగుతోంది. ముందు నువ్వు దీని మీద గెంతు. నువ్వు మునగకపోతే నేనెక్కుతా."

"ఇరవైమంది ఎక్కారు మావయ్యా, ఎవరూ మునగలేదు," అన్నాడు పడవవాడు.

"వాళ్లకి ఈత వచ్చేమో. అడిగావా?"

అప్పుడే కొత్త పోస్ట్‌మ్యాన్ సంచి ఎగరేసుకుంటూ పరుగున వచ్చి పడవలో పడ్డాడు. అది తొమ్మిదిన్నర పడవ. టైము పావు తక్కువ పది.

వాదించి వాదించి నోరు నొప్పెట్టిందో ఏమో, పెద్దాయన కూడా ఎక్కి అతనికి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏంటండీ పొద్దున్నే ఈ గోల? పావుగంట ఆలస్యం," అని కసిరాడు పోస్ట్‌మ్యాన్.

"అవునండీ. ఈ రోజుల్లో జనానికి టైమంటే లెక్కే లేదు," అన్నాడు పెద్దాయన, ఆ జనంలో తాను లేనట్టు.

పోస్ట్‌మ్యాన్ పళ్లు కొరుక్కున్నాడు. ఇవాళ అతనికి పరీక్ష. ఆరేళ్లుగా పోస్టాఫీసు వెనక గదిలో, కిటికీ కూడా లేనిచోట, ఉత్తరాల మీద ముద్రలు కొట్టాడు. నిద్రలో కూడా చెయ్యి టకటకా ఆడుతుంటే పక్కన పడుకున్న పెళ్లాం దెబ్బలు తినేది. ఏరు సముద్రంలో కలిసే మొగ చుట్టూ ఉత్తరాలు పంచే పని ఖాళీ అయ్యిందని తెలిసి, పోస్ట్‌మాస్టర్ కాళ్లావేళ్లా పడ్డాడు.

"ఒడ్డు పట్టుకుని గుండ్రంగా నడక. మూడు రేవులు, మూడు పడవలు," అన్నాడు పోస్ట్‌మాస్టర్. "తిరిగి తిరిగి ఐదింటికల్లా బయల్దేరిన చోటికే రావాలి. ఖాళీ సంచి నా బల్ల మీద పడాలి. లేదంటే రేపట్నుంచి మళ్లీ నీ ముద్ర, నీ గది."

అవతలి ఒడ్డున దిగాక అతని తిప్పలు పగవాడికి కూడా వద్దు. కుక్క ఉన్న ఇంట్లో మనిషి లేడు. మనిషి ఉన్న ఇంటికి నంబరు లేదు. పడవలు బాగుచేసే షెడ్డులో మేస్త్రి, కళ్లద్దాలు దొరికితే గానీ సంతకం పెట్టనన్నాడు. అవి ఆయన నెత్తి మీదే ఉన్నాయని అందరికీ కనిపిస్తోంది, ఆయనకి తప్ప.

రెండో రేవులో పడవ ఒంటిగంటకి. అతను చేరేసరికి ఒంటిగంటా ఇరవై.

పడవ అక్కడే ఉంది. జనమంతా మోకాళ్ల మీద కూర్చుని, అడుగు పలకలు ఎత్తి మరీ ఏదో వెతుకుతున్నారు.

"ఎడమ కాలి చెప్పు," అని ఆనవాళ్లు చెబుతున్నాడు పెద్దాయన. "అచ్చం కుడిదానికి చెల్లెల్లా ఉంటుంది."

పోస్ట్‌మ్యాన్ ఎక్కి కూర్చుని, చూసి, ఇంకోసారి చూశాడు.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారని విన్నాను గానీ, చెప్పు పెట్టుకుని వెతికించడం ఇదే చూడటం."

పెద్దాయన చంకలోంచి చెప్పు తీసి తీరిగ్గా తొడుక్కున్నాడు.

"పిల్లయితే ఏడుస్తుంది బాబూ, తెలిసిపోతుంది. చెప్పు ఏడవదుగా."

జనం ఘొల్లున నవ్వారు. పోస్ట్‌మ్యాన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇది సర్కారు టపా. ఈయనగారి వేషాలకి నా ఉద్యోగం పోయేలా ఉంది. దింపండి ఈయన్ని."

పడవవాడు ఒకసారి పెద్దాయన్ని, ఒకసారి అతన్ని చూశాడు.

"నిజంగానే దింపమంటారా? ఆలోచించుకోండి సార్."

"ఆలోచించేదేముంది? ఆయనన్నా దిగాలి, నేను నీ మీద ఫిర్యాదన్నా రాయాలి."

"సార్ మాట కాదంటామా," అంటూ పెద్దాయనే దిగిపోయాడు. పడవ కదిలాక మాత్రం నోటికి చేతులు అడ్డుపెట్టి కేకేశాడు. "అవతల ఎవరు కూర్చోమన్నా కూర్చోకండి బాబూ. నాలుగింటిదే ఆఖరి పడవ. తర్వాత ఏట్లో నీళ్లు తీసేస్తాయి, పడవ నడవదు."

"సలహాలొకటి," అని గొణుక్కున్నాడు పోస్ట్‌మ్యాన్. శని వదిలిందని ప్రాణం హాయిగా ఉంది.

ఆ హాయితోనే ఒక బామ్మ కూర్చోమంటే కూర్చున్నాడు. మనవరాలి ఉత్తరం చదివి పెట్టమంది. చదివాడు. పక్కింటి వదిన వచ్చింది, మళ్లీ మొదట్నుంచీ చదివాడు. పొద్దుట్నుంచి రెండు పడవలు దొరికాయి, మూడోది ఎక్కడికి పోతుంది?

రేవుకి వచ్చేసరికి నాలుగుంపావు. పడవ వెనక భాగం ఏటి నడిమధ్యలో చిన్నగా కనబడుతోంది.

"నాలుగింటి పడవ నాలుగింటికే వెళ్లిపోతే ఎలాగమ్మా?" అన్నాడు టికెట్లు అమ్మే ఆవిడతో, ఏడుపు గొంతుతో.

"మరెన్నింటికి వెళ్లాలి నాయనా?"

"పొద్దుట్నుంచి రెండు పడవలూ నేనొచ్చేదాకా ఉన్నాయిగా."

"ఉండలేదు. ఆపారు," అందామె, అతని వెనక దారి వైపు చూస్తూ. "పెద్దాయన ఏడీ? మా పడవవాడు ఆయన వస్తాడని అటే చూస్తూ చూస్తూ వెళ్లాడు."

"ఆయన్ని... దింపించేశాను."

ఆమె టికెట్ల పుస్తకం మూసి, రబ్బరు బ్యాండు చుట్టింది.

"కొత్తవాడి వెంట ఎవరూ వెళ్లకూడదని మీ పోస్ట్‌మాస్టర్ అన్నాడట. వెంట వద్దన్నాడు గానీ ముందు వద్దనలేదుగా అని పెద్దాయన పొద్దున్న ఫోన్లో ఒకటే నవ్వు."

"అసలెవరమ్మా ఆయన?"

"ఉద్యోగంలో చేరిన మొదటిరోజు ఇదే పడవ తప్పిపోయి, ఇదిగో, ఈ మెట్టు మీదే కూర్చుని ఏడ్చాడట నాయనా, ఆ తర్వాత ముప్పై ఏళ్లు, పోయిన నెల దాకా, నీ భుజానున్న ఆ సంచి మోసింది ఆయనే."