సగం చేప

"నాన్నా, ఈగలు వాలుతున్నాయి. కాస్త గట్టిగా విసురు," అన్నాడు ఫెతు, చేప ఒలుచుకుంటూ.

మలాకి విసనకర్ర వేగం పెంచాడు. తనకు రావలసిన వంశ పెద్దరికాన్ని పోయిన నెలే పట్టుబట్టి కొడుక్కి ఇప్పించాడు. పెద్దరికం ఉన్నవాడు ముందు తినాలి. తక్కినవాళ్లు ఈగలు తోలుతూ కూర్చుని, మిగిలింది తినాలి. సమోవాలో ఆదివారం భోజనాలు ఏ ఇంట్లోనైనా అంతే.

ఒక్క మలాకి ఇంట్లోనే ఇన్నాళ్లూ అలా జరగలేదు. తల్లీతండ్రీ లేక మేనమామ పంచన పదేళ్లు విసిరినవాడు కనుక, తన బిడ్డ ఎవరి ఎంగిలికీ కాచుకోకూడదని ముందు వాడికే పెట్టేవాడు.

"అమ్మా, ఇంకో చేప ఉందా?"

"ఉన్నది అదొక్కటేరా," అంది పెనీనా. "మీ నాన్న పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు."

"నాన్నకి ఆకలెక్కడిదే! నా చిన్నప్పట్నుంచీ చూస్తున్నాగా, ఎప్పుడూ ఆఖర్నే కదా తినేది?"

నవ్వుతూ చేప తలకాయ కూడా చీకేసి, చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు ఫెతు.

"వెనకున్నవాళ్లకి ఇంత మిగల్చాలని కూడా తెలీదా వీడికి?" అంది పెనీనా, కళ్లు ఒత్తుకుంటూ.

"ఎలా తెలుస్తుందే? ఒక్కనాడైనా వాడి చేత విసిరించానా?"

ముళ్లు మిగిలిన ఆకును మలాకి తనవైపు లాక్కున్నాడు. విసిరే చెయ్యి మాత్రం ఇంకా ఆగలేదు.

"మా మామ ఒళ్లు హూనమయ్యేలా తన్నేవాడు," అన్నాడు. "అయినా ఏనాడూ సగం చేప వదలకుండా లేవలేదు."