తలుపు చేసింది మనం

బట్టల ఫ్యాక్టరీలో ఆడవాళ్ల మరుగుదొడ్డికి సూపర్‌వైజర్ తాళం వేశాడు.

"పని ఎగ్గొట్టి అక్కడ కబుర్లు చెప్పుకుంటున్నారు. ఇకమీద భోజనాల బెల్లు కొట్టాకే తీస్తా" అన్నాడు.

ఆ వారంలోనే, కాలర్లు కుట్టే నిండు గర్భిణి ఒకామె కడుపు పట్టుకుని మిషన్ మీదే ఒరిగిపోయింది.

తాళంచెవి అడిగితే సూపర్‌వైజర్ టీకి వెళ్లాడన్నారు.

అప్పుడు లేచింది మైకక్క.

ఆమె గొంతెత్తితే మిషన్ల మోత కూడా దాని కిందే అణిగిపోతుంది. అందుకే ఆ పేరు.

"తాళం వాడిది కావచ్చు. తలుపు చేసింది మనం" అని అరిచింది.

ఆ తర్వాత తలుపు నిలవలేదు.

నిజానికి ఆ మాట మైకక్క సొంతం కాదు. పాత పుస్తకాల బండి మీద కొనుక్కున్న నవలలోది. రాసినాయన ఎక్కడో సముద్రాల అవతలి మనిషి. ప్రపంచంలోకెల్లా పెద్ద బహుమతి అందుకున్నవాడు. అట్ట నిండా ఆయన ముఖమే.

ఆ నవలలో ఒక వంటమనిషిని యజమాని కొట్టుగదిలో పెట్టి తాళం వేస్తాడు. లోపలి నుంచి ఆమె అనే మాట అది.

అది చదివాక మైకక్క తల వంచుకుని నడవడం మానేసింది.

కంపెనీ ఊరుకుంటుందా. మైకక్కనీ, తలుపు మీద చెయ్యి వేసిన అందరినీ పనిలోంచి తీసేసింది. నోటి దురుసుతో కూలీలను రెచ్చగొట్టిందని నేరం మోపింది.

విషయం లేబర్ కోర్టుకెక్కింది.

"భయం లేదక్కా" అన్నాడు వాళ్ల ప్లీడరు. "లోకమంతా నెత్తిన పెట్టుకున్న రచయిత మాట అది. చెబితే నేరమెట్లా అవుతుంది? మన బలమే ఆయన."

వాయిదాకు ముందురోజు ఫ్యాక్టరీ గేటు ముందు మీటింగు జరిగింది.

మైకక్క మాట్లాడి బల్ల దిగుతుంటే, ఒక పెద్దావిడ జనంలోంచి దారి చేసుకుంటూ వచ్చింది. ముగ్గుబుట్టలాంటి తల, మందపాటి కళ్లద్దాలు. ఎవరూ ఎరగని మనిషి.

"అమ్మాయ్, ఆ మాట ఆయన రాయలేదు."

మైకక్కకు చర్రుమంది.

"ఏమన్నావ్?"

"కోర్టులో ఆయన పేరెత్తొద్దని మీ ప్లీడరుతో చెప్పు. ఆయన భాషలో చదివినదాన్ని కాబట్టి చెబుతున్నా. అసలు పుస్తకంలో అది లేదు."

"మేనేజర్ పంపాడా?"

"కాదమ్మా. రేపు కంపెనీవాళ్లు నన్నే సాక్షిగా పిలిచారు. అందుకే ముందుగా..."

"విన్నారా. తన నోటితో తనే చెప్పింది."

గుంపు భగ్గుమంది. "కాటికి కాళ్లు చాపుకున్నావు, ఇదేం బుద్ధి?" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"ప్రపంచమంతా చేతులెత్తి మొక్కిన మనిషాయన" అంది మైకక్క. "ఆ మాట ఆయనది కాదనడానికి నువ్వెవరివి?"

"అదే చెప్పనివ్వు..."

చెప్పనివ్వలేదు. భుజం పట్టి ఒక్క తోపు తోసింది.

పెద్దావిడ గేటు పక్క కంకరలో పడింది. కళ్లద్దాలు ఎగిరిపోయాయి. ఎవరూ చెయ్యి అందించలేదు. తడుముకుంటూ తనే ఏరుకుని, మణికట్టు పట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు కోర్టులో సాక్షి బోనెక్కింది ఆవిడే. చేతికి పిండికట్టు ఉంది.

"అమ్ముడుపోయిన మొహం" అని మైకక్క పళ్లు నూరింది.

కంపెనీ ప్లీడరు లేచాడు. సాక్షి ఆ పరాయి భాష నేర్పిన రిటైర్డ్ లెక్చరరని జడ్జిగారికి చెప్పి, అసలు పుస్తకం ఆవిడ చేతికిచ్చాడు.

"తాళం వాడిది కావచ్చు, తలుపు చేసింది మనం అన్న మాట ఇందులో ఉందా?"

"లేదు."

"మరి ఆ గదిలో వంటమనిషి ఏం చేస్తుంది?"

"మోకాళ్ల మీద కూలబడి ఏడుస్తుంది. తప్పయింది, తలుపు తీయండని యజమానిని బతిమాలుతుంది."

మైకక్క చెవులు గింగురుమన్నాయి. ఎవరిని తలుచుకుని ఇన్నాళ్లూ వెన్ను నిటారుగా పెట్టుకుందో, ఆ మనిషి బతిమాలిందా?

వాళ్ల ప్లీడరు తల దించుకుని కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"చిత్తగించండి" అన్నాడు కంపెనీ ప్లీడరు జడ్జిగారితో. "ఈవిడ తన విషాన్ని తీసుకెళ్లి ఒక మహానుభావుడి నోట్లో పెట్టింది. రెచ్చగొట్టడమే కాదు, అబద్ధాలకోరు కూడా."

"కాదు" అంది పెద్దావిడ.

"మిమ్మల్ని అడగలేదు. దిగొచ్చు."

"అడక్కపోయినా చెబుతాను. ఆ అమ్మాయి అబద్ధమాడలేదు. తను చదివిన పుస్తకంలో ఆ మాట అచ్చయి ఉంది."

జడ్జిగారు కలం పక్కన పెట్టారు.

"అసలులో లేని మాట అందులోకి ఎలా వచ్చిందమ్మా?"

పెద్దావిడ బోను కర్రను మంచి చేత్తో గట్టిగా పట్టుకుంది.

"రెచ్చగొట్టిన నేరమేదో నా మీద రాసుకోండి" అంది. "అట్ట మీద నా పేరు వెయ్యలేదు గానీ ఆ నవలను మన భాషలోకి మార్చి రాసింది నేనే, ఆమె బతిమాలే చోటికొచ్చేసరికి ఒళ్లు మండి, ఆ ఏడుపు కొట్టేసి ఆ మాట నేనే పెట్టాను."