జామపండు పరీక్ష

పెరట్లో కోడిపుంజుకి తన పిల్లలకి కాపలా కావాల్సొచ్చింది. "నేను మళ్ళీ కూసేదాకా ఈ జామపండు ముట్టనివాళ్ళకే ఆ పని" అని మెడ నిక్కించి చాటింది.

చిలక ముక్కు బిగించుకుని చాలాసేపు ఆగింది. చివరికి ఉండలేక కొరికేసింది. పిల్లి మాత్రం పుంజు మళ్ళీ కూసేదాకా పండు పక్కనే కళ్ళు మూసుకుని కూర్చుంది.

"నిగ్రహమంటే అదీ. నా కొలత తప్పదు" అంది పుంజు, రొమ్ము విరుచుకుని. "పిల్లలూ, ఇకనుంచి పిల్లి పిన్ని దగ్గరే ఆడుకోండి."

"జామపండంటే నాకు ప్రాణం మామా. అయినా అంతసేపు ఆగాను" అంది చిలక, తల దించకుండానే. "ఆ పిల్లికి అసలు నోరే ఊరలేదు."

"ఓడినవాళ్ళు అలాగే అంటారు" అని పుంజు వెళ్ళిపోయింది.

కోడిపిల్లలు కిచకిచమంటూ దగ్గరికి రాగానే పిల్లి కళ్ళు తెరిచి, మూతి నాక్కుంది.