మైకులో రాని పేరు

నాంచారమ్మ గారికి నమస్కారం. నావి కోడిగీతలు, తప్పులు కూడా ఉంటాయి, మన్నించండి. పాత కేసు విచారణంటూ మొన్న గూడూరులో మీ ఇంటికొచ్చిన రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్‌ని.

"పోలీసాయనై ఉండి టీ తాగడానికి ఇంత మొహమాటమేంటండీ!" అని నవ్వారు. మీరు తప్పిపోయిన రోజు సంగతి అడిగితే నవ్వు ఆగిపోయింది.

"హంసలదీవి తిరణాళ్లలో గాజులకొట్టు వెనక కూర్చుని మైకు వింటూనే ఉన్నానండీ. అందరి పిల్లల పేర్లూ వచ్చాయి, నాది రాలేదు. మా అమ్మే నన్ను వదిలించుకుంది" అన్నారు.

అమ్మ వదిలించుకోలేదండీ. పేరు చెప్పించమని మీ అన్నని మైకు దగ్గరికి పంపింది. అంతమందిలో నోరు విప్పాలంటే వాడికి సిగ్గేసింది. పందిరిదాకా వెళ్లి తిరిగొచ్చి, చెప్పించానన్నాడు. పిలిచినా రాలేదంటే సముద్రమే తీసుకుపోయిందని అమ్మ ఇసకలో కూలబడింది.

వాడు పోలీసుల్లో చేరి, ఉద్యోగమంతా నిన్నే వెతికాడు చెల్లీ. మొన్న నీ ఎదురుగా కూర్చుని కూడా నాకు నోరు పెగల్లేదు.

అమ్మ అవనిగడ్డలో నా దగ్గరే ఉంది, మంచం దిగలేకపోతోంది. నేను ఆరోజు చేసింది ఆవిడకి ఇప్పటికీ తెలియదు. నువ్వు పక్కనుంటే చెప్పగలను. త్వరగా జవాబు రాయి.