రేకు కిటికీ

"మీ కంప్యూటర్ ఏ గదిలో ఉంటుందండీ?"

షాపు బల్ల పక్కన నిలబడ్డ కళ్ళజోడు మనిషి అడిగిన మొదటి మాట అది.

వెల్డర్ అతన్ని ఎగాదిగా చూశాడు. ముక్కూ మొహం తెలియని మనిషి.

ఈ వెల్డర్‌ను వీధిలో అందరూ సమ్మెట అంటారు. నోటికన్నా ముందు చెయ్యి లేస్తుంది అతనికి. ఆ సంగతి బయటివాళ్ళకన్నా ఇంట్లోవాళ్ళకే బాగా తెలుసు.

మర్నాడు పదింటికి కూతురికి ఉద్యోగం పరీక్ష. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చునే రాయాలి. నెట్ మూడుసార్లు తెగితే పరీక్ష రద్దు. నెట్ ఊరికే వస్తోంది. వీధికంతా ఎవరో ఇస్తున్నారనుకున్నాడు సమ్మెట. ఊరికే వచ్చేదాన్ని ఎవరిదని అడిగేవాడెవడు? అది సరిగా అందడం లేదని, కంప్యూటర్‌కి పెడితే సిగ్నల్ పట్టే వైఫై అడాప్టర్ కొనడానికి వచ్చాడు.

షాపువాడు రెండు చూపించాడు. ఒకటి గోరంత ఉంది. రెండోది అరచేతి వెడల్పున, రెండు కొమ్ములతో, బారెడు తీగతో ఉంది.

"ఏది మంచిది?"

"రెండూ మంచివే" అన్నాడు షాపువాడు. అమ్మేవాడికి అన్నీ మంచివే.

కళ్ళజోడు మనిషి వదల్లేదు. "గోడలెన్ని అడ్డం వస్తాయి? కిటికీ తీసే ఉంటుందా?"

"నా ఇంటి కిటికీతో నీకేం పని?"

"అది తెలియకుండా ఏది కొనాలో చెప్పలేం కదండీ. చిన్నది మాత్రం తీసుకోకండి. ఆ ఇనప రేకు దాటి సిగ్నల్ రాదు."

సమ్మెట నెత్తురు మరిగింది. రేకు మాట తను ఎత్తనే లేదు.

కూతురి గది కిటికీకి లోపలివైపు నిలువునా రేకు వెల్డింగ్ చేసింది అతనే. ఎదురింట్లోకి ఎవరో కొత్తగా దిగారని విన్నరోజే, వాళ్ళెవరో ఏమిటో చూడకుండానే మూసేశాడు. అడుగున వేలు దూరేంత సందు మిగిలింది.

"నా ఇల్లు కనిపెడుతున్నావట్రా?" అంటూ లాగి ఒక్కటిచ్చాడు.

కళ్ళజోడు ఎగిరిపడి ఒక అద్దం పగిలింది. కాలర్ పట్టుకుని బల్లకేసి కొట్టాడు. పెదవి చిట్లింది. షాపువాడు మధ్యలో దూరి విడదీశాడు.

ఆ మనిషి నెత్తురు తుడుచుకుని, "ఆ పెద్దది నాకివ్వండి" అన్నాడు.

దాంతో సమ్మెట పంతంకొద్దీ గోరంతదే కొన్నాడు.

ఇంట్లో అది పది నిమిషాల్లో నాలుగుసార్లు తెగింది.

"ఇది లాగట్లేదు నాన్నా. ఆ రేకు తీసేస్తే..."

"రేకు జోలికి రాకు. రేపటికి అదే సర్దుకుంటుంది."

తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. కూతురు పుస్తకం ముందేసుకుంది. ఆ ఇంట్లో ఒకే మాట రెండోసారి చెప్పడమంటే చెంప అప్పగించడమే.

మర్నాడు పొద్దున్నే పనికి పోయిన సమ్మెట, వెల్డింగ్ నల్లద్దాలు మరిచిపోయి పదింబావుకి తిరిగొచ్చాడు.

కూతురి కిటికీ బయట ఎవడో స్టూలెక్కి ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. వాడి కళ్ళజోడుకి ఒకటే అద్దం ఉంది.

సమ్మెట గోడవార ఉన్న ఇనప కడ్డీ అందుకున్నాడు. మొదటి దెబ్బ మోకాలి వెనక పడింది. స్టూలు బోర్లాపడింది. రెండో దెబ్బకి భుజం ఎముక పటుక్కుమంది.

"రాస్కెల్, ఎంత ధైర్యంరా నీకు?"

"అరవకండి" అన్నాడు ఆ మనిషి పళ్ళు బిగించి. "లోపల అమ్మాయి ఉంది."

ఆ మాటతో సమ్మెటకి పూనకం వచ్చింది. ఊచలకు కట్టి ఉన్నదేదో కంటపడింది. ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంది, దాని తీగ సందులోంచి గదిలోకి పోతోంది. కెమెరానే అనుకున్నాడు. పగలగొట్టడానికి కడ్డీ ఎత్తాడు.

ఆ మనిషి గోడ పట్టుకుని పైకి లేచి దానిమీద రెండు చేతులూ కప్పాడు.

కడ్డీ ఆ చేతుల మీద పడింది. మళ్ళీ పడింది. వేళ్ళు వంకర్లు తిరిగాయి. అయినా చేతులు తీయలేదు.

పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చి సమ్మెటని పట్టుకున్నారు.

"చంపేస్తావా ఏంటయ్యా?"

"నా కూతురి గదికి కెమెరా పెట్టాడు వెధవ."

అది విని పట్టుకున్నవాళ్ళలో ఇద్దరు తామూ రెండు తన్నులు తన్నారు. స్పృహ తప్పిన మనిషిని ఎవరో బండెక్కించి ఆసుపత్రికి తీసుకుపోయారు.

"దాన్ని ముట్టుకోకు. పోలీసులొచ్చి చూడాలి" అన్నాడు పక్కింటాయన.

సమ్మెట కడ్డీ ఒళ్ళో పెట్టుకుని, ఆ కవరుకి కాపలా కూర్చున్నాడు. పోలీసులు రాలేదు.

పన్నెండున్నరకి కూతురు హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని బయటికొచ్చింది. దాని మొహం అంత వెలిగిపోతుండగా అతను ఏనాడూ చూడలేదు.

"ఒక్కసారి కూడా తెగలేదు నాన్నా. అన్నీ రాశాను."

సమ్మెట పొంగిపోయాడు. "చూశావా? చిన్నదే చాలన్నానా?"

కూతురు తల దించుకుంది.

"నువ్వు కొన్నది సొరుగులో ఉంది. చెబితే కొడతావని చెప్పలేదు. పొద్దున ఎదురింటాయన పెద్దది తెచ్చి, రేకు అడ్డం లేకుండా కిటికీ బయట కట్టి, తీగ నాకిచ్చారు. గాలికి కదలకుండా పరీక్ష అయ్యేదాకా పట్టుకుని నిలబడతానన్నారు. ఏరీ ఆయన?"

కింద పడి ఉన్న కళ్ళజోడుని సమ్మెట కాలితో కప్పేశాడు.

కూతురు ఎదురింటి వైపు చూస్తూ అంది: "ఆయన వీధిలోకి దిగిన రోజు నేను సిగ్నల్ కోసం వాళ్ళ మెట్ల మీద ఫోను పట్టుకుని చదువుకోవడం చూశారట నాన్నా, ఇన్నాళ్ళూ మనకి ఊరికే వస్తున్న నెట్ ఆయన నాకోసం పాస్‌వర్డ్ తాళం తీసి వదిలేసిందేనట."